మెడ కీళ్ళ డిస్ఫంక్షన్: ఓఏ, ఏఏ, సి2–సి7 విడివిడిగా ఎలా పట్టుకోవాలి, వదులైన మెడ మళ్ళీ ఎందుకు పట్టేస్తుంది

మీరు అడిగినవి మూడు. మెడ కీలు డిస్ఫంక్షన్ (సరిగ్గా కదలకపోవడం) నిర్ధారణ రాసేటప్పుడు కుడి ఎడమలు తారుమారవుతున్నాయి. మెడ వెన్నుపూసలు సి1 నుంచి సి7 దాకా ఉంటే, వేలు సి4 మీద ఉందో సి5 మీద ఉందో తేలడం లేదు. మజిల్ ఎనర్జీతో (రోగి కండర బలాన్నే వాడుకునే చికిత్సతో) వదులైన మెడ రెండు రోజులకే మళ్ళీ పట్టేస్తోంది. ఆస్టియోపతిక్ కాలేజీలో రెండో ఏడాది ఓఎంఎం (చేతులతో చేసే ఆస్టియోపతిక్ చికిత్స) ప్రాక్టికల్స్‌కి తయారయ్యేవాళ్ళకి ఈ మూడూ మామూలుగా ఎదురయ్యేవే. మొదటి రెండింటినీ చేతి నైపుణ్యంలో లోపం అనుకుంటారు కానీ చాలాసార్లు లోపం చేతిలో ఉండదు. మెడలో కీళ్ళు మూడు రకాలు: పుర్రెకూ మొదటి వెన్నుపూసకూ మధ్య ఓఏ, మొదటి రెండు వెన్నుపూసల మధ్య ఏఏ, వాటి కింద సి2–సి7. మూడింటి కదలికా వేరు. ఒకదాని సూత్రం తీసుకెళ్ళి ఇంకోదానికి తగిలించడంతో లెక్క తప్పుతుంది. ఇక మూడోదానికి కారణం మెడలో కంటే మెడ కింద ఎక్కువగా దొరుకుతుంది.

వాటికంటే ముందు, చెయ్యి వెయ్యకూడని మెడల సంగతి. ఇది పరీక్షలో మార్కుల కోసం గబగబా వల్లించి దాటేసే జాబితా కాదు.

ఇంతకు ముందెన్నడూ లేని తీరులో మెడనొప్పో తలనొప్పో ఒక పక్కన మొదలైంది అనుకోండి. దానికి తోడు కళ్ళు తిరగడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, ఉన్నట్టుండి కాళ్ళలో పట్టు పోయి కూలబడటం, ముఖం తిమ్మిరెక్కడం, నడక తూలడం, ఒక కంటిరెప్ప వాలి ఆ కంటిపాప చిన్నదవడం వంటివాటిలో ఒక్కటి కనిపించినా మెడలోని ధమని గోడ చీలిందేమోనని అనుమానించి ఎమర్జెన్సీకి పంపాలి. వెర్టిబ్రల్ ధమని సి6 నుంచి సి1 దాకా వెన్నుపూసల పక్క రంధ్రాల గుండా ఎక్కి, అట్లాస్ (సి1) మీదుగా మెలిక తిరిగి పుర్రెలోకి వెళ్తుంది. తల తిప్పినప్పుడు అది ఎక్కువగా సాగేది ఆ మెలిక దగ్గరే. పాత పద్ధతిలో తలను వెనక్కి వంచి, పక్కకు తిప్పి, అలాగే పట్టుకుని లక్షణాలు వస్తాయేమో చూసే పరీక్ష మీద ఆధారపడకండి. అది నెగటివ్ వచ్చిందంటే ధమని బాగుందని కాదు. పైగా ఏ భంగిమకు భయపడుతున్నామో సరిగ్గా ఆ భంగిమలోనే రోగిని పెడుతున్నాం.

మన వాళ్ళని తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: సెలూన్‌లో క్షవరం అయ్యాక మెడ విరిపించుకునే అలవాటుందా, ఈ మధ్య విరిపించుకున్నారా? దాన్ని ఎవరూ వైద్యంగా లెక్కెయ్యరు, కాబట్టి అడగందే చెప్పరు. పార్లర్‌లో సింకు అంచు మీద మెడ వెనక్కి వాల్చి తల కడిగించుకోవడం కూడా ఇదే కోవలోది. ‘బ్యూటీ పార్లర్ స్ట్రోక్’ అన్న మాట 1993 నుంచీ వైద్య పత్రికల్లో ఉంది. 2022లో హైదరాబాద్‌లో ఒక మహిళకు ఇలా జరిగిందని వార్తల్లోనూ వచ్చింది.

వెన్నుపాము నొక్కుకుపోతున్న గుర్తులు వేరు. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, చేతిలోంచి గ్లాసు జారిపోవడం, చీకట్లో అడుగు తడబడటం, మెడ ముందుకు వంచితే వెన్ను వెంట కరెంటు పాకినట్టుండటం. మధ్యవేలి గోరును కిందికి చిటుక్కుమనిపించి వదిలితే బొటనవేలు ముడుచుకుంటే హాఫ్‌మన్ పాజిటివ్. ఇవి కనిపిస్తే ముందు ఎంఆర్‌ఐ, తర్వాతే మిగతా మాట. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళలో అట్లాస్‌ను ఆక్సిస్‌కు (సి2కి) బిగించి ఉంచే లిగమెంట్లు వదులై ఉండొచ్చు. పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో అట్లాస్ ముందు వంపుకీ, ఆక్సిస్ నుంచి పైకి లేచే డెన్స్ అనే కొసకీ మధ్య ఖాళీ పెద్దవాళ్ళలో 3 మిల్లీమీటర్లు, పిల్లల్లో 5 మిల్లీమీటర్లు దాటితే అది జారే కీలు. దాని మీద ఎలాంటి థ్రస్టూ (ఒక్కసారిగా వేసే తోపుడు) చెయ్యకూడదు. దెబ్బ తగిలి వచ్చినవాళ్ళకైతే కెనడియన్ సి-స్పైన్ రూల్ వాడండి. వయసు 65 లేదా అంతకు మించడం, 1 మీటరు లేదా 5 మెట్ల ఎత్తు నుంచి పడటం వంటి ప్రమాదకరమైన దెబ్బ, చేతుల్లో కాళ్ళలో తిమ్మిరి, వీటిలో ఏది ఉన్నా ఎక్స్‌రే గానీ సీటీ గానీ తీయించాకే చెయ్యి వెయ్యాలి.

తెలుగు రోగుల విషయంలో ఇంకొకటి కలపాలి, ఇది అమెరికా పాఠాల్లో కనిపించదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి ప్రాంతాల్లో గుర్తించారు. నల్లగొండ సంగతి చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడ్ ఎక్కువున్న ఆ నీళ్ళు దశాబ్దాల పాటు తాగిన పెద్దవాళ్ళలో మెడ లిగమెంట్లు ఎముకగా మారి, వెన్నుపాము నడిచే దారి ఇరుకైపోయి ఉండొచ్చు. వాళ్ళ మెడ కూడా ‘పట్టేసిన’ మెడలాగే కనిపిస్తుంది. అయితే అడ్డు దగ్గర కండరం ఇచ్చే సాగుడు ఉండదు, గోడకు తగిలినట్టు ఆగిపోతుంది. మూడు సులువైన పనులు చేయించి చూడండి: గడ్డం ఛాతీకి ఆనించమనండి, చేతులు తల వెనుక జోడించమనండి, మోకాళ్ళు వంచకుండా నేల మీది నాణెం తియ్యమనండి. మూడూ చేతకాకపోతే, పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు కూడా ఉంటే, ఎక్స్‌రే చూడకుండా ఆ మెడను కదిలించొద్దు. అట్లాంటాకో డల్లాస్‌కో వచ్చి పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండే అమ్మానాన్నలు మీ క్లినిక్కీ వస్తారు, ఈ సంగతి గుర్తుంచుకోండి.

చేతిలోకి పాకే నొప్పి ఉంటే నరం వేరును చూడాలి. ఇక్కడ సి5, సి6 అంటే నరాల పేర్లు. సి5కి డెల్టాయిడ్, బైసెప్స్ రిఫ్లెక్స్. సి6కి మణికట్టు పైకెత్తడం, బ్రాకియోరేడియాలిస్ రిఫ్లెక్స్, బొటనవేలి స్పర్శ. సి7కి ట్రైసెప్స్, మధ్యవేలు. సి8కి గుప్పెట బిగువు, చిటికెనవేలు. స్పర్లింగ్ (మెడను నొప్పి పక్కకు వంచి తల మీద నుంచి నొక్కే పరీక్ష) పాజిటివ్ అయితే నమ్మొచ్చు, నెగటివ్ అయితే అంతగా నమ్మలేం. బలం తగ్గుతూ పోతున్న చేతికి ఓఎంఎం మొదటి వైద్యం కాదు.

ఇక కీళ్ళ దగ్గరికి.

వెన్నుపూస పక్కకు వంగడం, తిరగడం ఎలా కలిసి జరుగుతాయో 1918లో ఆస్టియోపతీ వైద్యుడు ఫ్రైయెట్ చెప్పిన మొదటి రెండు సూత్రాలు ఛాతీ, నడుము వెన్నుపూసలకు చెప్పినవి. మెడకు వాటిని యథాతథంగా అంటించడం వల్లనే సగం గందరగోళం. మెడలో ఇలా గుర్తుపెట్టుకోండి. పుర్రెకూ అట్లాస్‌కూ మధ్య ఉన్న ఓఏలో ముఖ్యమైన కదలిక తల ఊపడం, అంటే ముందుకూ వెనక్కూ. పక్కకు వంగడం కొద్దిగా ఉంటుంది, అలా వంగినప్పుడు దానికి ఎదురు దిక్కుకు తిరుగుతుంది. అట్లాస్‌కూ ఆక్సిస్‌కూ మధ్య ఉన్న ఏఏలో తిరగడమే ముఖ్యం. మెడ మొత్తం తిరిగేదాంట్లో దాదాపు సగం ఈ ఒక్క కీలుదే. సి2 నుంచి సి7 వరకు ముందుకు వంచినా, వెనక్కి వంచినా, నిటారుగా ఉన్నా, పక్కకు వంగడం, తిరగడం ఒకే దిక్కుకు. అక్కడి ఫాసెట్లు (వెన్నుపూసలు ఒకదానితో ఒకటి కలిసే కీలు ముఖాలు) రమారమి 45 డిగ్రీలు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి ఒకటి లేకుండా ఇంకొకటి జరగదు. పై ఫాసెట్ల ముఖం వెనక్కి, పైకి, లోపలికి ఉంటుంది. ఈ ఒక్కటి గుర్తుంటే మిగతాది దానంతటదే గుర్తొస్తుంది.

పేరు పెట్టే పద్ధతి కూడా ఒక్కసారి స్థిరపరుచుకోండి. పేరు సులువుగా వెళ్ళే దిక్కుతో పెడతాం, డైరెక్ట్ చికిత్స అడ్డు ఉన్న దిక్కుకు చేస్తాం. కుడి ఎడమలు తారుమారయ్యేది ఇక్కడ కూడా కాదు, ఇంకొక మెట్టు ముందే, ట్రాన్స్‌లేషన్‌ను అర్థం చేసుకోవడంలో. కూచిపూడి నేర్చుకున్నవాళ్ళకి ట్రాన్స్‌లేషన్ అంటే చెప్పనక్కర్లేదు. గ్రీవాభేదాల్లో ‘సుందరి’ అదే. ముఖం తిరగదు, చెవి భుజం మీదకు వాలదు, తల అడ్డంగా జరుగుతుంది. అలా తలను ఎడమ నుంచి కుడికి జరిపితే మీరు చెయ్యి పెట్టిన కీలు దగ్గర మెడ ఎడమకు వంగుతుంది. కుడికి జరపడం అంటే ఎడమకు వంచడం. ఈ వాక్యాన్ని ఎక్కాల్లా నోటికి తెచ్చుకోండి. తారుమారులో చాలా భాగం దీంతోనే పోతుంది.

ఓఏ పరీక్ష చూద్దాం. రోగి వెల్లకిలా, మీరు తల దగ్గర కూర్చుని. మోచేతులు బల్ల మీద ఆనాలి, లేకపోతే భుజాల బరువంతా వేళ్ళలోకి దిగి ఏమీ తెలియదు. పెడతలను అరచేతుల్లోకి తీసుకుని, చూపుడువేళ్ళ కొసలు చెవి వెనుక ఎముక అంచుకు కాస్త లోపలగా, పుర్రె అడుగున పెట్టండి. ముందుకు వంచడం అంటే ఇక్కడ మెడ ఎత్తడం కాదు, గడ్డం కొన్ని డిగ్రీలు లోపలికి లాగడం, అంతే. ‘ఊఁ’ అన్నట్టు తల ఊపినంత. ఈ ఒక్క తప్పే ఎక్కువ మంది చేస్తారు: తల మొత్తం ఎత్తేసి, సి3, సి4 దగ్గర వచ్చిన అడ్డును ఓఏ ఖాతాలో రాసేస్తారు. గడ్డం లోపలికి తీసుకుని, తలను మిల్లీమీటర్ల లెక్కన కుడికి, ఎడమకు జరపండి. తర్వాత గడ్డం కాస్త పైకెత్తి మళ్ళీ జరపండి. కుడికీ ఎడమకూ, పైకెత్తినప్పటికీ లోపలికి లాగినప్పటికీ తేడా ఎక్కడుందో చూడండి.

ఒక ఉదాహరణ పూర్తిగా నడిపిద్దాం. గడ్డం లోపలికి లాగి ఉంచినప్పుడు తల ఎడమ నుంచి కుడికి జరగలేదు, ఆగిపోయింది. గడ్డం పైకెత్తితే చక్కగా జరిగింది. కుడికి జరగడం లేదంటే ఎడమకు వంగడం లేదు. కాబట్టి అది కుడికి వంగి ఉంది. ఓఏలో వంగిన దిక్కుకు ఎదురుగా తిరుగుతుంది, కాబట్టి ఎడమకు తిరిగి ఉంది. ముందుకు వంచితే అడ్డు, వెనక్కి వంచితే సులువు, కాబట్టి ఎక్స్‌టెండెడ్. రాయాల్సింది: ఓఏ, ఎక్స్‌టెండెడ్, సైడ్‌బెంట్ రైట్, రొటేటెడ్ లెఫ్ట్. ఇదే తేడా సి4 దగ్గర దొరికి ఉంటే చివరి మాట ‘రొటేటెడ్ రైట్’ అయ్యేది. నోట్స్‌లో తిరగడం తప్పుగా రాసేవాళ్ళు కీలు పేరు రాయకముందే దిక్కులు రాయడం మొదలుపెట్టి ఉంటారు. ముందు కీలు పేరు రాయండి, దాన్ని బట్టి సూత్రం అదే వస్తుంది.

ఏఏకి పని తేలిక. మెడను పూర్తిగా, కనీసం 45 డిగ్రీలు ముందుకు వంచి పట్టుకుంటే కింది కీళ్ళు చాలా వరకు బిగుసుకుంటాయి, తిరగడానికి ఏఏ ఒక్కటే మిగులుతుంది. ఆ స్థితిలో తలను కుడికి, ఎడమకు తిప్పండి. ఒక్కో పక్కకు 40 నుంచి 45 డిగ్రీలు మామూలు. ఒక పక్కకు సుమారు 32 డిగ్రీల లోపే ఆగిపోతే మెడ వల్ల వచ్చే తలనొప్పిని అనుమానించొచ్చు. కుడికి తిరగకపోతే పేరు ‘ఏఏ రొటేటెడ్ లెఫ్ట్’. తిప్పుతున్నప్పుడు మెడ వంపు కాస్త సడలినా కింది కీళ్ళు సాయం చేసేసి తేడా కనిపించదు. తల బరువును మీ పొట్టకు ఆనించుకుంటే వంపు జారదు.

సి2 నుంచి సి7 వరకు పరీక్షకు ముందు, వేలు ఎక్కడుందో తేల్చుకునే పద్ధతి. పెడతల మధ్యలో ఉండే బుడిపె నుంచి కిందికి జారితే మొదట గట్టిగా తగిలే స్పైనస్ (వెన్నుపూస వెనక్కి పొడుచుకొచ్చే కొస) సి2ది. అట్లాస్‌కు వెనుక చెప్పుకోదగ్గ స్పైనస్ లేదు, దాని పక్క కొసలు చెవి వెనుక ఎముకకూ దవడ మూలకూ మధ్య తగులుతాయి. కింద సి6, సి7 పోల్చుకోవడానికి రోగిని కూర్చోబెట్టి, అనుమానం ఉన్న రెండు స్పైనస్‌ల మీద రెండు వేళ్ళు పెట్టి, తల వెనక్కి వంచమనండి. వేలి కింది నుంచి లోపలికి జారిపోయేది సి6, అలాగే ఉండిపోయేది సి7. మెడ ముందు నుంచి కూడా ఒక లెక్క ఉంది: గడ్డం కింది హయాయిడ్ ఎముక సి3 ఎత్తులో, గొంతులోని క్రికాయిడ్ మృదులాస్థి సి6 ఎత్తులో. పైన సి2, కింద సి7 తెలిశాక మధ్యవాటిని స్పైనస్‌ల మీద కాదు, ఆర్టిక్యులర్ పిల్లర్ల మీద (ఫాసెట్ కీళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే స్తంభాల మీద) లెక్కించాలి. మధ్య గీత నుంచి వేలు పక్కకు జరుపుకుంటూ వెళ్తే తాడులాంటి కండరం ఒకటి తగులుతుంది. దాని వెలుపలి అంచు దాటగానే, రెండు వేళ్ళ వెడల్పులోపే, మెత్తని కండ కింద ఎముక తగులుతుంది, అదే పిల్లర్. ఇంకా ముందుకు పోయారంటే ట్రాన్స్‌వర్స్ కొసల (వెన్నుపూస పక్క కొసల) మీద, నరాల వేర్ల పక్కన ఉన్నారు. అక్కడ నొక్కితే ఎవరికైనా నొప్పే, అది డిస్ఫంక్షన్ గుర్తు కాదు. సి4కి సి5కి తేడా తెలియనివాళ్ళలో చాలామంది వేలు ఇక్కడే ఉంటుంది.

పిల్లర్ల మీద రెండు చూపుడువేళ్ళూ ఎదురెదురుగా పెట్టి, ఒక్కో మట్టంలో ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు నెట్టి చూడండి. మొదట నిటారుగా, తర్వాత ముందుకు వంచి, తర్వాత వెనక్కి వంచి. ‘వెనక్కి వంచడం’ అంటే తలను బల్ల అంచు నుంచి వేలాడదియ్యడం కాదు. పరీక్షించే వెన్నుపూస కింద వేళ్ళను కాస్త పైకెత్తితే అక్కడ ఒక్కచోటే వంపు వస్తుంది, అది చాలు. సి4 దగ్గర ఎడమ నుంచి కుడికి జరగలేదు, వెనక్కి వంచితే ఇంకా బిగిసింది, ముందుకు వంచితే వదిలింది అనుకోండి: సి4, ఫ్లెక్స్‌డ్, సైడ్‌బెంట్ రైట్, రొటేటెడ్ రైట్. సరిచూసుకోవడానికి ఒక ఆధారం ఉంది. కుడికి తిరిగి ఉందంటే కుడి పిల్లర్ వేలికి కాస్త వెనక్కి పొడుచుకొచ్చినట్టు తగలాలి, ముట్టుకుంటే నొప్పి కూడా తరచు ఆ పక్కే. ఎడమ పిల్లర్ వెనక్కి ఉన్నట్టు తగిలితే మీ దిక్కు ఎక్కడో తిరగబడింది, మళ్ళీ చూడండి.

నాలుగు గుర్తుల్లో, అంటే కండ తీరు మారడం, అటూ ఇటూ తేడా, కదలిక ఆగడం, నొప్పిలో, నొప్పికి విద్యార్థులు ఎక్కువ విలువిస్తారు. రోగి చెప్పేస్తాడు కాబట్టి సులువు. నిజానికి కదలికా, కండ తీరే నమ్మదగినవి. కొత్తగా పట్టిన చోటు వెచ్చగా, చెమ్మగా, నీరు నిండిన స్పాంజిలా ఉంటుంది. నెలల తరబడి ఉన్నది చల్లగా, పొడిగా, పురి పెట్టిన తాడులా ఉంటుంది. ఈ తేడాను బట్టే చికిత్స ఎంచుకోవాలి. అలాగే నొప్పి ఉన్న చోటే తప్పు ఉన్న చోటు కాదు. సి2–సి3 కీలు నొప్పి పెడతలకు ఎక్కుతుంది, సి5–సి6ది భుజానికి, సి6–సి7ది రెక్క ఎముక మీదకు దిగుతుంది. ‘రెక్కలో పొడుస్తోంది’ అని వచ్చిన మనిషికి రెక్క దగ్గరే గంటసేపు పిసికితే ఏం లాభం?

మజిల్ ఎనర్జీ. ఫ్రెడ్ మిచెల్ సీనియర్ పేరుతో వచ్చిన ఈ పద్ధతిలో మెట్లు అందరికీ వచ్చు, కొలతల్లో తప్పుతారు. పైన చెప్పిన సి4నే తీసుకుంటే, సి4 దగ్గర వెనక్కి వంపు, ఎడమకు వంపు, ఎడమకు తిరుగుడు ఇచ్చి, అడ్డు మొదట తగిలిన చోట ఆగాలి. అడ్డులోకి నెట్టకూడదు. రోగిని కుడికి తల తిప్పే ప్రయత్నం చెయ్యమని, మీరు సరిసమానంగా ఆపాలి. 3 నుంచి 5 సెకన్లు. వదిలెయ్యమనాలి. కండరం నిజంగా వదిలే దాకా 1, 2 సెకన్లు ఆగాలి. కొత్త అడ్డు దాకా జరగాలి. ఇలా 3 నుంచి 5 సార్లు, చివర ఒకసారి మెల్లగా సాగదీసి, మళ్ళీ పరీక్షించాలి. రోగి బలం ఎంత? మామిడిపండు పండిందో లేదో చూడటానికి వేలితో వేసేంత ఒత్తిడి. ‘గట్టిగా నెట్టండి’ అన్నారంటే స్టెర్నోమాస్టాయిడ్, ట్రపీజియస్ లాంటి పెద్ద కండరాలు లేచి, మీరు కుదిర్చిన చోటు చెదిరిపోతుంది. అప్పుడు మెడ అంతా వదులైనట్టు అనిపిస్తుంది, సి4 మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. రెండు రోజుల్లో తిరగబెట్టడానికి మొదటి కారణం ఇదే.

పై రెండు కీళ్ళకు అంత బలం కూడా వద్దు. ఓఏ, ఏఏ దగ్గరి చిన్న కండరాలు కళ్ళ కదలికతోనే బిగుస్తాయి. ఏఏ ఎడమకు తిరిగి ఉంటే, మెడ వంచి కుడి అడ్డు దాకా తిప్పి, ‘తల కదపకుండా ఎడమకు చూడండి’ అంటే చాలు. పైన చూసిన ఎక్స్‌టెండెడ్ ఓఏకి గడ్డం లోపలికి తెచ్చి, ఎడమకు వంచి, కుడికి కొద్దిగా తిప్పి, నుదుటి వైపు చూడమనండి. నొప్పితో తల కదపడానికే భయపడేవాళ్ళకి ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

కొత్తగా, నొప్పితో పట్టేసిన మెడకు కౌంటర్‌స్ట్రెయిన్ (నొప్పి తగ్గే భంగిమలో ఆపి ఉంచే పద్ధతి) ముందు పెట్టాలి. నొప్పి బిందువు పట్టుకుని దాన్ని 10 అనమనండి, మెడను ముడిచి అది 3కి గానీ ఇంకా కిందికి గానీ దిగే భంగిమ వెతకండి, 90 సెకన్లు ఆగండి, మెల్లగా తిరిగి తీసుకురండి. వేలు అక్కడే ఉండాలి, నొక్కుతూ కాదు, తాకుతూ. తిరిగొచ్చేటప్పుడు మొదటి కొన్ని డిగ్రీలు మరీ మెల్లగా రావాలి. తొందరపడితే ఆ 90 సెకన్లూ వృథా. వెనుక బిందువులకు చాలా వరకు వెనక్కి వంచి, బిందువు నుంచి దూరంగా వంచి, దూరంగా తిప్పాలి. ముందు బిందువులకు ముందుకు వంచాలి. అయితే దారితప్పినవి కొన్ని ఉన్నాయి: సి2 స్పైనస్ అడుగున ఉండే పీసీ3 వెనుక బిందువే అయినా ముందుకు వంచితేనే తగ్గుతుంది. ముందు బిందువైన ఏసీ7కి ముందుకు వంచి, బిందువు వైపుకే పక్కకు వంచి, ముఖం మాత్రం దూరంగా తిప్పాలి. పరీక్షకులు అడిగేది ఇవే.

హెచ్‌వీఎల్‌ఏ (ఎక్కువ వేగంతో, తక్కువ దూరం వేసే థ్రస్టు) గురించి కొద్దిగా. అది గురువు చెయ్యి మీ చెయ్యి మీద ఉండగా నేర్చుకోవాలి, చదివి కాదు. దూరం మిల్లీమీటర్లలో, వేగం ఎక్కువ, బలం తక్కువ. వెనక్కి వంచి తిప్పడం, ఈ రెండూ కలిపి చివరి అంచు దాకా తీసుకెళ్ళడం మానుకోండి. టక్‌మన్న శబ్దం రావడం విజయం కాదు, రాకపోవడం వైఫల్యం కాదు. రెండో థ్రస్టు కోసం చెయ్యి దురద పెడుతుంది, వద్దు. మొదటిదానికి వదలలేదంటే కుదిర్చిన చోటు తప్పైనా అయ్యుండాలి, అది కీలు సమస్య కాకుండానైనా ఉండాలి.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న, రెండు రోజులకే తిరగబెట్టడం. స్కేలీన్ కండరాలు మెడ వెన్నుపూసల పక్క కొసల నుంచి మొదటి, రెండో పక్కటెముకలకు దిగుతాయి. లెవేటర్ స్కాపులే సి1–సి4 నుంచి రెక్క ఎముక పైమూలకు దిగుతుంది. మొదటి పక్కటెముక పైకి లేచి నిలిచిపోయిందంటే స్కేలీన్లు పొట్టిగానే ఉండిపోతాయి, మీరు సి4, సి5 ఎన్నిసార్లు సరిచేసినా అవి మళ్ళీ లాగుతాయి. తలకూ మెడకూ వెళ్ళే సింపథెటిక్ నరాలు బయల్దేరేది కూడా పై ఛాతీ నుంచే, కాబట్టి టి1–టి4 (ఛాతీ వెన్నుపూసల్లో మొదటి నాలుగు) పట్టేసి ఉంటే మెడ కండరాల బిగువు తగ్గదు. అందుకని వరుస ఇలా పెట్టుకోండి: టి1–టి4, మొదటి పక్కటెముక, మెడ కండరాలు, సి7 నుంచి సి2, ఏఏ, చివర ఓఏ. పైనుంచి కిందికి చేసేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళతో పేచీ లేదు. పక్కటెముకను వదిలేసి మెడతో మొదలుపెట్టడం మాత్రం తిరగబెట్టే మెడలో పనికిరాదు.

మొదటి పక్కటెముకను చూడటం తేలిక. రోగిని కూర్చోబెట్టి, ట్రపీజియస్ ముందు అంచును వెనక్కి లాగి, కాలర్‌బోన్ వెనుక నుంచి కిందికి నొక్కండి. లేచి ఉన్న పక్క స్ప్రింగులా ఇవ్వదు, నొప్పి పుడుతుంది. ఇంకోలా: తలను పరీక్షించే పక్కకు ఎదురుగా తిప్పించి, అలాగే చెవిని ఛాతీ వైపు వంచండి. సగంలోనే ఆగిపోతే పరీక్షించిన పక్క ఎముక లేచినట్టే. సరిచెయ్యడానికి ఆ ఎముక మీద బొటనవేలు ఆనించి, గాలి వదిలేటప్పుడు దాంతోపాటు కిందికి దిగండి, పీల్చేటప్పుడు పైకి లేవనివ్వకుండా పట్టుకోండి. 3 నుంచి 5 శ్వాసలు చాలు.

వీటన్నిటి తర్వాతా తిరగబెడితే రోజువారీ భంగిమను చూడాలి. మెడ ముందరి లోతు కండరాలు బలహీనంగా ఉన్న మనిషికి ఏ చికిత్సా నిలవదు. మెడ కింద ప్రెజర్ కఫ్ పెట్టి 20 మిల్లీమీటర్ల (పాదరస ఒత్తిడి) దగ్గర మొదలుపెట్టి, గడ్డం ఊపుతూ 22, 24, 26, 28, 30 దాకా ఒక్కో మెట్టులో 10 సెకన్లు నిలపగలరేమో చూడండి. 24 దాటకుండానే మెడ ముందరి పైపై కండరాలు తాళ్ళలా లేచాయంటే అదే అసలు పని. ఇంటి దగ్గర గడ్డం లోపలికి లాగి 5 సెకన్లు, 10 సార్లు, రోజుకు మూడు పూటలు. రెండు దిండ్లు పెట్టుకునేవాళ్ళని ఒకటి తీసెయ్యమనండి. ఫోను ఒళ్ళో కాదు, కళ్ళ ఎత్తులో.

మోతాదు విషయం. కొత్తగా పట్టిన మెడకు ఒక విడతలో రెండు మూడు చోట్ల కంటే ఎక్కువ ముట్టుకోవద్దు, 2, 3 రోజుల్లో మళ్ళీ చూడండి. పాతదానికి వారం, రెండు వారాల ఎడం ఉండాలి, కండకు సర్దుకునే సమయం కావాలి. మొదటి విడత తర్వాత 24 నుంచి 48 గంటలు పులపరం ఉండొచ్చని ముందే చెప్పండి. చెప్పకపోతే రోగి దాన్ని మీరు చేసిన హాని అనుకుంటాడు. అయితే 48 గంటలు దాటి పెరుగుతున్న నొప్పి, కొత్త తిమ్మిరి, కొత్త తలనొప్పి పులపరం కాదు, వెంటనే రమ్మనాలి. మూడు నాలుగు విడతలకు కదలికలో చెప్పుకోదగ్గ మార్పు లేకపోతే ఐదో విడత పెట్టకండి, నిర్ధారణ మొదటి నుంచి చూసి స్కాన్ రాయండి.

రాతకోతల్లో ఒక చిన్న సంగతి, క్లినికల్ రొటేషన్లలో (ఆసుపత్రి శిక్షణలో) చాలామంది దొరికిపోయేది. సి2–సి7, ఏఏకి రోగనిర్ధారణ కోడ్ ఎం99.01. ఓఏ మాత్రం తల ప్రాంతం కిందికి వస్తుంది, ఎం99.00. టి1–టి4కి, పక్కటెముకకీ వేరే ప్రాంతాల కోడ్లున్నాయి. పైన చెప్పిన వరుసలో మొత్తం చేశారంటే మెడ, తల, ఛాతీ వెన్ను, పక్కటెముకలు కలిపి నాలుగు ప్రాంతాలు, బిల్లింగ్‌లో చికిత్స కోడ్ 98926. ఒక్కో ప్రాంతానికీ కనీసం ఒక పరీక్ష ఫలితం, చేసిన పద్ధతి, చేశాక కదలిక ఎంత మారిందో నోట్‌లో ఉండాలి. ‘మెడకు ఓఎంఎం చేశాం, రోగికి ఉపశమనం’ అన్న ఒక్క వాక్యానికి నాలుగు ప్రాంతాల బిల్లు రాదు.